బుజ్జి వీపు – బండెడు సంచీ

మొన్న మా అమ్మాయికి బడిసంచీ కొనబోయాను. "పెద్దది తీసుకోండమ్మా, పై ఏటికీ పనికొస్తుంది" అన్నాడు కొట్టతను. ఆశపడ్డాను సుమండీ! తగిలించి చూస్తే సంచీ నడుం దాటి కిందికి వేలాడుతోంది. వెనకనుంచి పిల్లే కనపడదు!

మా చిన్నప్పుడు పలకా, బలపం, వాచకం గుడ్డసంచీలో ఇమిడిపోయేవి. తర్వాత్తర్వాత మోత ఎంత పెరిగిందంటే, 1989లో రచయిత ఆర్.కె. నారాయణ్‌గారు రాజ్యసభలో పిల్లల సంచీల గురించే మొరపెట్టుకున్నారు. 1993లో యశ్‌పాల్ సంఘం భారంలేని చదువు కావాలంది. 2020లో కేంద్రం, సంచీ బరువు పిల్లల బరువులో పదోవంతు మించొద్దంది. మా పిల్ల 20 కిలోలు. అంటే పుస్తకాలతో సహా రెండు కిలోలే!

సంచీలో చోటుంటే ఏదో ఒకటి వచ్చి చేరుతుంది. అందుకే వీపుకి సరిపడా చిన్నదే కొన్నాను. పై ఏటికి ఇంకో సంచీ కొనుక్కోవచ్చు. ఇంకో వీపు కొనలేంగా!