సంతకం ఆమెది, లెక్క ఎవరిది?

రెడ్డిగూడెం చుట్టూ వేసవి వస్తే మామిడే మామిడి. కోత కూలీలకు పని, లారీలకు కిరాయి, నున్న మార్కెట్లో బేరసారాలు. అయితే మార్కెట్లో వసూలయ్యే సెస్సు మార్కెట్ కమిటీకి పోతుంది. పంచాయతీ సొంత ఆదాయమంతా చాలావరకు ఇంటిపన్ను, కొళాయి రుసుము, వేలంపాటల డబ్బు. కృష్ణా జిల్లాలో ఉన్నప్పుడూ, 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాకా అంతే. ఈ చిన్న ఖజానా దగ్గరికి స్త్రీలు ఎలా చేరారన్నది పెద్ద చరిత్రే.

1957లో బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ, స్త్రీలూ పిల్లల పనుల్లో ఆసక్తి ఉన్న ఇద్దరు మహిళలను పంచాయతీ సమితిలోకి కో-ఆప్ట్ చేసుకోమంది. ఓటుతో కాదు, ఎంపికతో రమ్మన్నారు. జమాఖర్చులు చూడమనలేదు. 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చాకే సర్పంచ్ పదవుల్లో మూడో వంతు స్త్రీలవి అయ్యాయి. 1995 ఎన్నికలతో వాళ్లు మన ఊళ్ల కుర్చీల్లోకి వచ్చారు. 2013 ఎన్నికల నాటికి వాటా సగమైంది.

కుర్చీతో పాటు చెక్కు మీద సంతకం కూడా వచ్చింది. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించే భర్త కూడా వెంటే వచ్చాడు. ఆమెను చూసి నవ్వడం మనకు తేలిక. కానీ ఆడిట్ అభ్యంతరం వస్తే సంజాయిషీ చెప్పుకోవలసింది ఆమే, ఆయన కాదు. అధికారం ఒకరిది, బాధ్యత మరొకరిది. ఇంటి పెత్తనం పంచాయతీ ఆఫీసు దాకా నడిచి రావడమంటే ఇదే కదా!

పై నుంచీ ఇదే తంతు. 2015-20 మధ్య 14వ ఆర్థిక సంఘం గ్రాంటు నేరుగా గ్రామ పంచాయతీలకే ఇచ్చారు. 15వ సంఘం 2021-26కు అందులో 60 శాతాన్ని తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టింది. బిందె మోసే ఆడవాళ్లకు ఇంతకన్నా దగ్గరి పద్దు ఏముంటుంది? 2021లో ఆ సంఘాల నిధులను విద్యుత్ బకాయిల కింద రాష్ట్ర ప్రభుత్వం సర్దుబాటు చేసినప్పుడు సర్పంచులు నిరసన తెలిపారు. తమను అడగకుండానే తమ ఖాతా ఖాళీ చేశారన్నదే వాళ్ల బాధ. ఇంట్లో ఆ బాధ మనకు కొత్తది కాదు.

స్త్రీలకు లెక్కలు రావనే మాట ఇక చెల్లదు. డ్వాక్రా సంఘాల్లో పొదుపు, అప్పు, వడ్డీ, తీర్మానాల పుస్తకం ఇన్నేళ్లుగా నడిపిస్తున్నది వాళ్లే. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఏటి లెక్కలూ ఆడిట్ నివేదికా గ్రామసభ ముందుకు రావాలి. ఆ సభలో వెనక వరసలో కూర్చున్న ఆడవాళ్లు ‘ఆ నగదు పుస్తకం ఇటు ఇవ్వండి, మేమూ చదువుతాం’ అంటే సర్పంచమ్మకు అంతకు మించిన బలం ఉండదు.