బిల్లు మీద పేరు

కిందటేడు మా కాలేజీలో ఎం.ఏ. చదివే అమ్మాయి నా గదికొచ్చి, "మేడమ్, మీ కథలన్నీ చదివేశాను" అంది. పన్నెండేళ్ళ కింద అచ్చయి, కాపీలు ఎప్పుడో అయిపోయిన పుస్తకం అది. ఎక్కడ దొరికిందమ్మా అంటే ఫోను తీసి చూపించింది. ఎవరో పేజీ పేజీ ఓపిగ్గా స్కాను చేసి పీడీఎఫ్ చేశారు. మొదటి పేజీ మీద ఏదో లైబ్రరీ ముద్ర కూడా ఉంది. సంతోషించాలో, కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఇంటికొచ్చి చెబితే మా తమ్ముడు "కేసు పెట్టక్కా" అన్నాడు. "ఎవరి మీదరా?" అన్నాను.

ఆ ప్రశ్నే నన్ను ఇరవయ్యేళ్ళ వెనకటి అమెరికా కేసుల దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ నిజంగానే కేసులు పెట్టారు. ఎవరి మీద పెట్టారో చదువుతుంటే, ఇది పాటల దొంగతనం కథ మాత్రమే కాదనిపించింది.

1999లో వచ్చిన నాప్‌స్టర్‌ను సంగీత కంపెనీలు కోర్టుకీడ్చి 2001లో ఆపించాయి. ఆ తర్వాత వచ్చిన కజా లాంటి వాటికి ఏ పాట ఎవరి దగ్గరుందో జాబితా ఉంచే కేంద్రం అంటూ లేదు. ఎవరి కంప్యూటర్లో ఉన్న పాట వాళ్ళ దగ్గర నుంచే మరొకరికి వెళుతుంది. దాంతో కంపెనీలు వాడుకునే వాళ్ళ మీదికే వచ్చాయి. 2003 సెప్టెంబరు 8న ఒక్కరోజే 261 మంది మీద దావాలు వేశాయి. ఇక కొత్తవి వేయబోమని 2008 డిసెంబరులో చెప్పేసరికి ఆ సంఖ్య 35 వేల దాకా చేరింది.

మనుషుల్ని పట్టుకున్న పద్ధతి చూడండి. పాటలు పంచుతున్న కంప్యూటర్ ఐపీ అడ్రసు కంపెనీలకు కనిపిస్తుంది. అదొక అంకె. ఆ అంకె ఎవరింటిదో ఇంటర్నెట్ ఇచ్చే సంస్థకే తెలుసు. అందుకని ముందు 'జాన్ డో' అనే ఉత్తుత్తి పేరు మీద దావా వేసి, కోర్టు ఆదేశంతో అసలు పేరు రాబట్టేవారు. ఆ వచ్చే పేరు పాట దించుకున్న మనిషిది కాదు, బిల్లు కట్టే మనిషిది. జాన్ డో మగపేరే. వార్తలకెక్కిన కేసుల్లో ఆ ముసుగు తీస్తే కనిపించిన వాళ్ళలో ఎందరో తల్లులు, ఒంటరి ఆడవాళ్ళు, ముసలమ్మలు.

మొదటి విడతలోనే న్యూయార్కులో ప్రభుత్వ గృహాల్లో ఉండే పన్నెండేళ్ళ పిల్ల ఉంది. మర్నాడే వాళ్ళమ్మ రెండు వేల డాలర్లకు రాజీపడింది. మసాచుసెట్స్‌లో ఒక వృద్ధ శిల్పిని ర్యాప్ పాటలు పంచావన్నారు. ఆవిడ దగ్గరున్న మాకింటాష్‌లో కజా పనిచేయనే చేయదు. వెస్ట్ వర్జీనియాలో అప్పటికే చనిపోయిన 83 ఏళ్ళ వృద్ధురాలి మీద కూడా దావా పడింది. న్యూయార్కు రాష్ట్రంలో అయిదుగురు పిల్లల తల్లి ఒకామె రాజీకి ఒప్పుకోలేదు. ఆమె పిల్లలిద్దరి మీద కూడా దావా వేసి, చివరికి ఆమె మీదున్నది వదులుకున్నారు. ఓక్లహామాలో మరో తల్లిని, కనెక్షన్ నీ పేరునుంది కాబట్టి ఇంట్లో ఎవరేం చేసినా బాధ్యత నీదేనన్నారు. ఆ వాదన నిలవలేదు. 2007లో ఆమె లాయరు ఖర్చుల కింద 68 వేల డాలర్లకు పైగా కంపెనీలే కట్టాలని కోర్టు చెప్పింది. ఇంట్లో జరిగే ప్రతిదానికీ తల్లి జవాబు చెప్పాలన్న మాట మనకు కొత్తదా? పిల్లాడు చెడితే తల్లి పెంపకం, ఇల్లు చెడితే ఇల్లాలి గుణం. ఈ పాత న్యాయమే అక్కడ దావా కాగితంగా వచ్చింది.

చాలామంది ఎందుకు పోరాడలేదంటే, లెక్క అలాంటిది. రాజీకి అడిగేది మూడు నుంచి అయిదు వేల డాలర్లు. కోర్టుకెళ్ళి ఓడితే చట్టప్రకారం ఒక్కో పాటకి 750 నుంచి 30 వేలు, తెలిసి చేసినట్టు తేలితే లక్షా యాభై వేల దాకా పడొచ్చు. లాయరు ఫీజు వేరు. తప్పు చేయకపోయినా డబ్బు కట్టేయడమే చవక.

అలా కట్టనన్న వాళ్ళలో జామీ థామస్-రాసెట్ ఒకామె. మినెసొటాలో ఉండే తల్లి, మిల్ లాక్స్ ఓజిబ్వే ఆదివాసుల సహజ వనరుల శాఖలో ఉద్యోగి. దావా 24 పాటల మీద. ఇలాంటి దావాల్లో జ్యూరీ తీర్పు దాకా వచ్చిన మొదటిది ఇదే. 2007 అక్టోబరులో డలూత్‌లో జ్యూరీ 2,22,000 డాలర్లు వేసింది. జ్యూరీకి చెప్పిన సూచనల్లో పొరపాటుందని జడ్జి మైకేల్ డేవిస్ తిరిగి విచారణ జరిపితే, 2009లో రెండో జ్యూరీ 19 లక్షల 20 వేలు వేసింది. అంటే పాటకి 80 వేలు! జడ్జి దాన్ని 54 వేలకు తగ్గించారు. 2010లో మూడో జ్యూరీ 15 లక్షలంది. మళ్ళీ 54 వేలకు తగ్గించారు. 2012లో అప్పీలు కోర్టు మొదటి 2,22,000నే ఖాయం చేసింది. 2013లో సుప్రీంకోర్టు వినడానికి నిరాకరించింది.

ఇక్కడ నాకొక ఇబ్బంది ఎదురైంది. జామీ ఆ మాకింటాష్ ఆవిడలాగా నిరపరాధి కాదు. సాక్ష్యం గట్టిగా ఉంది. పిల్లలో, పాత స్నేహితుడో చేసి ఉండొచ్చన్న ఆమె మాట జ్యూరీ నమ్మలేదు. బోనులో అబద్ధమాడిందనీ, నింద పిల్లల మీదికి తోసిందనీ జడ్జి తన ఆదేశంలో రాశారు. రాసి కూడా, ఆ మొత్తం న్యాయం కాదన్నారు. చదువుతున్నప్పుడు నా సానుభూతి కాస్త వెనక్కి తగ్గింది. వెంటనే సిగ్గేసింది. ఆడదానికి న్యాయం అడగాలంటే ముందు ఆమె కడిగిన ముత్యమై ఉండాలన్న షరతు మనం ఎన్ని కేసుల్లో కాదనలేదు? తప్పు చేసిన ఆడదానికి కూడా తప్పుకు తగ్గ శిక్షే పడాలి కదా.

ఆ 24 పాటల జాబితా చూశాను. జానెట్ జాక్సన్, గ్లోరియా ఎస్తెఫాన్, సారా మెక్‌లాక్లన్, షెరిల్ క్రో... పాడిన వాళ్ళలో ఆడవాళ్ళు చాలామందే. దావా వేసింది మాత్రం కంపెనీలు. జాబితాలో పాట ఉన్న రిచర్డ్ మార్క్స్ అనే గాయకుడు, ఈ తీర్పుతో తన పేరు కలవడం సిగ్గుగా ఉందని 2009లో బయటికే చెప్పాడు.

అలాగని కాపీరైటంటే కంపెనీల సొత్తే కదా అని నేను కొట్టిపారేయలేను. రాసినదాని మీద హక్కు ఆడవాళ్ళకి ఊరికే రాలేదు. ఇంగ్లండులో 1870 చట్టం దాకా పెళ్ళయిన స్త్రీ సంపాదన భర్తదే. భర్తకు దూరంగా, కలం మీద బతికిన కరోలిన్ నార్టన్ రాబడి మీద కూడా చట్టరీత్యా హక్కు ఆ భర్తదే. పుస్తకం మీద ఆమె పేరున్నా డబ్బు అతనిది. నూటయాభై ఏళ్ళ తర్వాత అమెరికాలో, వాడింది ఎవరైనా, బిల్లు మీద ఆమె పేరుంటే అప్పు ఆమెది. హక్కు దగ్గర లెక్కకు రాని పేరు బాధ్యత దగ్గర ఎంత తొందరగా లెక్కకొచ్చిందో!

మా తమ్ముడి మాట మళ్ళీ గుర్తొచ్చింది. మన 1957 కాపీరైటు చట్టంలో 63వ సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు వేయొచ్చు. నా పుస్తకాన్ని దొంగతనంగా అచ్చేసి అమ్ముకునేవాడు దొరికితే నేనూ కోర్టుకెళతాను. కానీ ఈ పీడీఎఫ్ పంచిన వాళ్ళని వెతకడం మొదలుపెడితే నేనెక్కడ తేలతాను? మాటల్లో ఆ అమ్మాయిని అడిగాను. ఫోను కనెక్షన్ వాళ్ళమ్మ పేరున ఉందట. ఆవిడ మిషను కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. కథలు చదివింది కూతురు, నోటీసు వెళ్ళేది తల్లికి.

కేసు పెట్టలేదు. పుస్తకం మళ్ళీ అచ్చు వేయించే పనిలో ఉన్నాను. దొరకని పుస్తకాన్ని వెతుక్కుని చదివిన పిల్లని దొంగ అనేముందు, అది దొరక్కుండా పోవడంలో నా వంతు ఎంతో కూడా చూసుకోవాలి కదా.