గంటకు పది సెంట్లు

1932 డిసెంబరు. మెంఫిస్‌లో ఇద్దరు చదువుకున్న నల్లజాతీయులు కూలీల పాత బట్టలు తొడుక్కున్నారు. ఒకరు రాయ్ విల్కిన్స్, నల్లజాతి హక్కుల సంఘం ఎన్.ఎ.ఎ.సి.పి. సహాయ కార్యదర్శి. రెండో ఆయన పత్రికా రచయిత జార్జ్ స్కైలర్. మిసిసిపీ నది కరకట్టల మీద ఏం జరుగుతోందో కూలీల మధ్య తిరిగి తెలుసుకోవాలని బయల్దేరారు.

1927లో ఆ నది కట్టలు తెంచుకుని ఊళ్లకు ఊళ్లను ముంచేసింది. మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వం వరద నివారణకు 32.5 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. అజమాయిషీ సైనిక ఇంజనీర్లది, పని కంట్రాక్టర్లది. మట్టి పనికి దిగిందేమో నల్లవాళ్లు. వరద రోజుల్లో గ్రీన్‌విల్ కట్ట మీద తుపాకుల కాపలా నడుమ వెట్టి చేసింది కూడా ఈ జనమే.

చలికాలపు బురదలో గుడారాలు. కంచర గాడిదలను తోలుతూ, మట్టి లాగుతూ పొద్దుగూకేదాకా పని. కూలి గంటకు పది సెంట్లు. పన్నెండు గంటలు ఒళ్లు వంచితే ఒక డాలరూ ఇరవై సెంట్లు. అదైనా పూర్తిగా చేతికొస్తుందా? పిండి, మాంసం, పొగాకు ఏది కావాలన్నా కంట్రాక్టరు కొట్లోనే కొనాలి, అతను చెప్పిందే ధర. ఖాతా అతని చేతిలో ఉంటుంది. కూలి ఎప్పుడిస్తారో తెలియదు.

“ఈసారి ఎంత మిగిలింది అన్నా?”

“బాకీ పోను అడుగుతున్నావా?”

ఏ గుడారంలో కూర్చున్నా మాటలు ఇలాగే సాగి ఉంటాయి. విల్కిన్స్‌కు వినడమే పని. కాగితం బయటపెడితే ప్రాణానికే ముప్పు. విక్స్‌బర్గ్‌లో పోలీసులు స్కైలర్‌ను పట్టుకుని లాకప్‌లో పెట్టారు కూడా. బయటపడ్డాక ఆయన అక్కడ నిలవలేదు.

అప్పటికే ఆ ఏడాది వేసవిలో హెలెన్ బోర్డ్‌మన్ అనే పరిశోధకురాలు క్యాంపులు తిరిగి నివేదిక ఇచ్చింది. సైనిక శాఖ తన వాళ్లతోనే విచారణ జరిపించి దాన్ని కొట్టిపారేసింది. నన్ను ఎక్కువగా మండించేది ఇదే. డబ్బు ప్రజలది, కట్ట ప్రభుత్వానిది, ఇంజనీరు ప్రభుత్వ ఉద్యోగి. కూలి దగ్గరికొచ్చేసరికి మాత్రం అది కంట్రాక్టరు సొంత వ్యవహారం! దోపిడీ ఎవరి కళ్ల ముందు జరుగుతోందో వాళ్లనే విచారణాధికారులుగా పంపితే ఇంకేం తేలుతుంది?

ఈసారి ఇద్దరు సాక్షులున్నారు. పత్రికల్లో కథనాలొచ్చాయి. న్యూయార్క్ సెనేటర్ రాబర్ట్ వాగ్నర్ విచారణ కోరుతూ సెనేట్‌లో తీర్మానం పెట్టాడు. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం వచ్చాక, 1933లోనే, యుద్ధ మంత్రి జార్జ్ డెర్న్ కొత్త రేట్లు ప్రకటించాడు. గంటకు 40 సెంట్లు, వారానికి 30 గంటల పని.

కంట్రాక్టర్లు ఆ రేటు ఇవ్వలేక పని ఆపేయలేదు. ఇన్నాళ్లూ పది సెంట్లే ఇవ్వడానికి కారణం డబ్బు లేకపోవడం కాదు, అడిగే నాథుడు లేకపోవడం.