గిటారును చేరిన ఇరుగుడు చేవ

మన అడవులలో పెరుగు కలపజాతులలో ఇరుగుడునకు విశిష్టస్థానము గలదు. దీనినే జిట్రేగి యనియు నందురు. ఆంగ్లేయులు పెట్టిన రోజ్‌వుడ్ అను పేరు నేడు లోకప్రసిద్ధము. నీలగిరి, వయనాడు, కొడగు ప్రాంతములలో మేలైన చెట్లు పెరుగును; తూర్పు కనుమలలోను ఈ జాతి గలదు. పందొమ్మిదవ శతాబ్దమున బొంబాయి వడ్రంగులు ఈ కర్రతో చెక్కిన కుర్చీలును, బల్లలును దొరల భవనములను అలంకరించెను. మైసూరు పనివారు నేటికిని ఈ నల్లని పలకలలో వన్నెవన్నెల చెక్కలను పొదిగి చిత్రములు కూర్చుచున్నారు. ఇంతవరకు మనవారెఱిగినదే. కాని గత అర్ధశతాబ్దికి పైగా ఈ కర్ర గిటారు అను పరదేశవాద్యమునకు దేహమై ప్రపంచమంతట సంచరించుచున్నదని యెఱిగినవారు తక్కువ. ఆ గౌరవము దానికి నాదగుణము వలన లభించినదా, అన్యకారణముల వలన లభించినదా అను ప్రశ్న విచారింపదగినది.

వీణ నెఱిగిన మనకు గిటారు నిర్మాణము కొంత వింతగా తోచును. బొబ్బిలి సమీపమున గొల్లపల్లి గ్రామములోని సర్వసిద్ధి కుటుంబములవారు ఒకే పనసదుంగను తొలిచి, కుండయు దండియు విడిపోకుండ ఏకాండవీణను చేయుదురు. అందు వృక్షమొకటే, దేహమొకటే. గిటారు అట్లు గాదు. అది పలుచని పలకలను వంచి, అతికి, కట్టిన పెట్టె. ముఖపలక మందము సుమారు రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే. ముఖమునకొక జాతి కర్ర, వెనుకకును ప్రక్కలకును వేఱొక జాతి, మెడకు ఇంకొక జాతి. ఏ అంగమునకు ఏ కర్ర తగునో నిర్ణయించుటయే పనివాని మొదటి పరీక్ష.

తంత్రిని మీటినప్పుడు దాని కదలిక బ్రిడ్జి అను చిన్న కర్రముక్క ద్వారా ముఖపలకకు చేరును. పలక కంపించి గాలిని కదల్చును. తంత్రి ఒంటరిగా చేయు ధ్వని ఎంత స్వల్పమో అందఱెఱిగినదే. కావున ముఖపలక తేలికగాను, బిగువుగాను ఉండవలెను. ఈ రెండు గుణములును ఒక్కచో దొరకుట అరుదు. ఐరోపా పర్వతములలోని స్ప్రూస్ వృక్షమున అవి కలసియున్నవి. అది మన హిమాలయపు దేవదారునకు దాయాది. చలిప్రదేశమున నెమ్మదిగా పెరుగుటచే దాని వలయరేఖలు సన్నగా, దగ్గరదగ్గరగా ఉండును. దుంగను నడిమి నుండి అంచునకు చీల్చి, ఆ రేఖలు పలక మందమున నిట్టనిలువుగా నుండునట్లు కోయుదురు. ఒకే ముక్కను రెండుగా చీల్చి, పుస్తకము తెఱచినట్లు ప్రక్కప్రక్కన అతుకుదురు. రెండు సగములును ఒకదానికొకటి అద్దములోని నీడవలె అమరును. పనివాడు పలకను రెండు వ్రేళ్ళతో వ్రేలాడదీసి, మెటికతో తట్టి, చెవియొగ్గి వినును. మ్రోత నిలిచినచో అట్టిపెట్టును, వెంటనే అణగినచో త్రోసివేయును. పలకలను ఏండ్ల తరబడి ఆరబెట్టుటయు ఈ విద్యలో భాగమే. పచ్చికర్రతో చేసిన వాద్యము మొదటి వేసవికే పగులును.

నేటి గిటారునకు ఆకృతి నిచ్చినవాడు స్పెయిను దేశస్థుడు ఆంటోనియో దె టొర్రెస్. ఆల్మెరియా ప్రాంతమున 1817లో జన్మించి, వడ్రంగము నేర్చి, సెవిల్ నగరమున వాద్యములు చేసి పేరొందెను. ముఖపలక లోపల విసనకఱ్ఱ ఆకారమున సన్నని బద్దలను అమర్చు పద్ధతిని అతడు పరిపూర్ణ మొనర్చెను. నాదమంతయు ముఖపలకయందే యున్నదని అతని నిశ్చయము. దానిని ఋజువు చేయుటకై 1862లో అతడొక గిటారు చేసెను. దాని ముఖము మంచి స్ప్రూస్ పలక. వెనుకయు ప్రక్కలును కర్ర కానే కావు, కాగితపుటట్ట! ఆ వాద్యము బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలలో భద్రపఱుపబడియున్నది. కలప వర్తకుల ప్రకటనలన్నిటికిని అది నూటయేబది యేండ్లు ముందుగా ఇచ్చిన సమాధానమని నా అభిప్రాయము.

అయినను టొర్రెస్ తన మేలైన వాద్యములకు వెనుక పలకలుగా బ్రెజిల్ దేశపు రోజ్‌వుడ్డునే వాడుచుండెను. చవకవానికి స్పెయినులో దొరకు సైప్రెస్ కర్రను వాడెను. తరువాతి కాలమున ఫ్లమెంకో గాయకుల వెంట వాయించువారికి ఆ సైప్రెస్ గిటార్ల పదునైన పలుకే ప్రియమైనది. పేదవాని కర్రయే ఒక సంప్రదాయమునకు గుర్తయిన వైనమిది!

బ్రెజిల్ కర్ర అట్లాంటిక్ తీరపు అడవులలోనిది. మన ఇరుగుడును అదియు డాల్బెర్జియా అను ఒకే ప్రజాతికి చెందినవి. చాక్లెట్ వన్నె మీద నల్లని చారలు సాలెగూడువలె అల్లుకొన్న ఆ చేవ కంటికి మిక్కిలి ఇంపు. అమెరికాలో దీనికి ప్రాచుర్యము తెచ్చినది మార్టిన్ సంస్థ. దాని స్థాపకుడు క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ జర్మనీలోని మార్క్‌నోయ్‌కిర్షెన్ పట్టణమువాడు. అచట గిటారు చేయు హక్కు వయొలిన్ పనివారిదా, వడ్రంగులదా అని సంఘముల నడుమ తగవు నడచెను. మార్టిన్ వంశము వడ్రంగులది. అతడు 1833లో అమెరికాకు తరలిపోయి, కొంతకాలమునకు పెన్సిల్వేనియాలోని నాజరెత్‌లో స్థిరపడెను. ఆ సంస్థ గిటార్లకు బ్రెజిల్ కర్ర శతాబ్దమునకు పైగా ఆనవాలుగా నిలిచెను.

1960ల చివర బ్రెజిల్ ప్రభుత్వము దుంగల ఎగుమతిని అరికట్టెను. దుంగలు రాక మార్టిన్ సంస్థ 1969లో భారతదేశపు ఇరుగుడునకు మరలెను. ఇతరులును ఆ బాటనే పట్టిరి. మన కర్ర గిటారులో ప్రవేశించినది ఇట్లు: పోటీలో నెగ్గి కాదు, దాయాది కనుమరుగగుట వలన. ఊదాఛాయ గల దాని చేవ, సాఫీగా సాగు ఈనెలు, తట్టినచో కంచువలె మ్రోగు గుణము పనివారికి నచ్చినవి. అయినను కొనువారు చాలకాలము దానిని రెండవ తరగతిగానే ఎంచిరి. 1969కి పూర్వపు బ్రెజిల్ కర్ర గిటార్ల వెల పెరుగుచు పోయెను. కొఱత పెరిగినకొలది నాదము మధురమగునా? కన్నును, వెలయు కలసి చెవిని నడిపించినవని తోచుచున్నది.

ఈ సందేహమును శాస్త్రీయముగా పరీక్షించినవారు ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయమువారు. ఒకే పనివాని చేత, వెనుక పలకలు మాత్రము ఆరు వేఱువేఱు కర్రలతో నుండునట్లు, ఆరు గిటార్లు చేయించిరి. వానిలో బ్రెజిల్ రోజ్‌వుడ్, మన ఇరుగుడు, మహాగని, మేపుల్, వాల్‌నట్, సపెలీ కలవు. 52 మంది వాదకులు ఏ కర్ర అయినదియు కానరాని చీకటి అద్దములు ధరించి వాయించిరి. 2018లో ప్రకటింపబడిన ఫలితమేమనగా, ఆరింటికిని వారిచ్చిన మార్కులలో చెప్పుకొనదగిన భేదము లేదు. చవక కర్ర ఖరీదైన కర్రకు తీసిపోలేదు. అంతకు పూర్వము 1995లో అమెరికాలోని టేలర్ సంస్థవారు సరకులు మోసి పాఱవేసిన చెక్కపళ్ళెముల కలపతో ఒక గిటారు చేసి ప్రదర్శించియుండిరి. పనివాని చేయి కర్ర కంటె గొప్పదని చూపుటయే వారి ఉద్దేశము. అయితే కర్రకు విలువయే లేదనుట పొరపాటు. వంచినప్పుడు విఱుగక, తేమకు మెలిపడక, ఏండ్లు గడచినను అతుకు వదలక నిలుచుట చిన్న గుణము కాదు. ఆ విషయమున ఇరుగుడు నమ్మదగిన కర్ర.

తరువాతి కథ నాదమునకంటె దస్త్రములకు సంబంధించినది. బ్రెజిల్ జాతిని 1992లో అంతర్జాతీయ వన్యజాతి వర్తక ఒడంబడికలోని మొదటి అనుబంధమున చేర్చిరి. దానితో క్రొత్త కలప వర్తకము దాదాపు నిలిచెను. మన దేశమునుండి దుంగలను, కోసిన కలపను పంపుటకు నిషేధముండగా, గిటారు మెడపై అతుకు పలకలు ఏ కోవకు వచ్చునను చిక్కు పుట్టెను. సుంకముల శాఖలో పనిచేయు మన మిత్రులకు 44వ అధ్యాయము పరిచితమే. ఆరు మిల్లీమీటర్లకు మించని పలక ఒక శీర్షిక క్రింద, మించినది వేఱొక శీర్షిక క్రింద వచ్చును. ఈ కొలతయే 2011 ఆగస్టులో టెన్నెస్సీ రాష్ట్రపు గిబ్సన్ కర్మాగారములలో అమెరికా సమాఖ్య అధికారుల సోదాకు ఒక కారణమాయెను. మడగాస్కరు ఎబొనీ విషయము కూడ చేరిన ఆ తగవు 2012లో రాజీతో ముగిసెను. సంస్థ 3 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. మిల్లీమీటర్ల పట్టికకు ఇంత పలుకుబడి యుండునని టొర్రెస్ ఊహించియుండడు.

2016లో జొహానెస్‌బర్గ్ సమావేశము డాల్బెర్జియా ప్రజాతినంతటిని రెండవ అనుబంధమున చేర్చెను. చైనాలో ఎఱ్ఱచేవ సామానుల గిరాకి అందుకు ముఖ్యకారణము. గిటారు వాడుక దానితో పోల్చిన అల్పము. 2017 జనవరి నుండి గిటారును దేశాంతరమునకు అమ్మిన ప్రతి పనివానికిని అనుమతి పత్రములు అవసరమాయెను. చిన్న పనివారు కుములుచుండగా కొందఱు ఇరుగుడును వదలి వాల్‌నట్ వంటి కర్రలకు మరలిరి. 2019లో జెనీవా సమావేశమున పూర్తి అయిన వాద్యములకును, వాని భాగములకును మినహాయింపు లభించెను. కలపకు మాత్రము ఆ సడలింపు వర్తింపలేదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము ఇరుగుడును ఆపదకు లోనగు జాతులలో లెక్కించినది. అడవిలో ఈ చెట్టు చేవపట్టి గిటారు వెనుక పలకకు తగిన వెడల్పు నందుటకు మనుష్యుని జీవితకాలము చాలదు. తోటలలో దీనిని పెంచుట జావా ద్వీపమున విరివిగా సాగుచున్నది. అచట దీని పేరు సొనొకెలింగ్. నేడు విపణిలో ఇండియన్ రోజ్‌వుడ్ అని అమ్ముడగు పలకలలో కొన్ని ఆ ద్వీపమునుండి వచ్చినవే.