మన సీమలో సినిమా డేరాలు, సినిమా హాళ్లు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు కోటలను గూర్చియు, దేవాలయములను గూర్చియు, శాసనములను గూర్చియు వ్రాయగల పెద్దలు పలువురు కలరు. ఆ పని వారికి విడిచి, కర్నూలు కడప సీమలలో సినిమా ఆడిన తావులను గూర్చి వ్రాయుటకు నేను పూనుకొంటిని. ఇదియు నొక చరిత్రయేనా యని కొందరు నవ్వవచ్చును. రెండు మూడు తరముల జనము తమ కష్టము మరచి కూర్చున్న తావునకు చరిత్ర లేదనుట ఎట్లు? కోట కూలినను రాయి మిగులును. డేరా ఎత్తివేసిన పిమ్మట గుంజ పాతిన గుంట సైతము ఒక్క వానకు పూడిపోవును. మన చుట్టుప్రక్కల గ్రామములలో ఆడిన టూరింగు టాకీసులలో నేడు ఒక్కటియు లేదు. చూచినవారు ఉన్నప్పుడే వ్రాసి పెట్టుట మేలని తోచినది.

సినిమా రాకమునుపే మన ప్రజలకు డేరాలో కూర్చుండి రాత్రివేళ ఆట చూచు అలవాటు కలదు. కడప జిల్లాలోని సురభి గ్రామమున 1885వ సంవత్సరమున వనారస గోవిందరావుగారు మొదలైనవారు 'కీచకవధ' నాటకమాడిరి. వారి పూర్వులు తోలుబొమ్మలు ఆడించి జీవించినవారు. ఆ గ్రామనామమే సమాజమునకు పేరై, కుటుంబములు పెరిగి, సమాజములు పలు శాఖలైనవి. తెరలు, గుంజలు, దీపములు, పిల్లాపాపలతో సహా ఊరూర తిరిగి, చేరిన చోటనే నాటకశాల నిలుపుకొనుట వారి పద్ధతి. 1932లో హెచ్. ఎం. రెడ్డిగారి దర్శకత్వమున 'భక్త ప్రహ్లాద' వెలువడి తెలుగున మొదటి టాకీ అయినప్పుడు, అందు నటించుటకు బొంబాయికి పోయినవారు సురభివారే. లీలావతి వేషము ధరించినది సురభి కమలాబాయి. మన మెట్టసీమ పల్లె పేరు మోసిన నటులే తెలుగు చిత్రమునకు తొలిపలుకు నేర్పిరని చెప్పుకొనుటలో అతిశయోక్తి లేదు.

ఇక కదలు బొమ్మల రాక సంగతి. బొంబాయిలో 1896 జూలై 7వ తేదీన లూమియేర్ సోదరుల చిత్రములను మొదట చూపిరి. దక్షిణదేశమున స్వామికన్ను విన్సెంటు అను రైల్వే ఉద్యోగి 1905లో యంత్రము కొని ఊరూర తిరిగి చూపెను. మన తెలుగువారిలో బందరుకు చెందిన రఘుపతి వెంకయ్యగారు క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించి, దక్షిణదేశమునందే గాక సింహళ, బర్మా దేశములందును ప్రదర్శనలిచ్చి, 1914లో మద్రాసున గెయిటీ అను హాలు కట్టించిరి. 1921లో విజయవాడలో మారుతీ సినిమా వెలసినది. ఈ క్రమమును గమనించినచో ఒక విషయము తెలియును. మొదట తిరుగుడు, తరువాత కట్టడము. మన సీమలో ఈ తిరుగుడు కాలము మిక్కిలి దీర్ఘముగ సాగినది. ప్రత్తి, నూనెగింజల వర్తకము గల కర్నూలు, ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప వంటి పట్టణములకు పక్కా హాళ్లు దక్కగా, పల్లెలకు డేరాయే గతి అయ్యెను.

ఆ డేరా ఎట్లుండెడిదో నేటి పిల్లలకు చెప్పవలెను. శెనక్కాయ పంట ఇంటికి వచ్చి, నాలుగు రూపాయలు చేతిలో మెదలు కాలమున అది ఊరి వెలుపల బీడులో దిగెడిది. మధ్య రెండు పెద్ద గుంజలు, పైన గుడారపు గుడ్డ, చుట్టును తడికలు. ఒక మూల ఆయిలింజను దడదడ మోగుచుండును. అది ఆగినచో బొమ్మయు ఆగును. యంత్రపు గదిని డేరాకు ఎడముగ రేకులతో కట్టెడివారు. అంతకు మునుపటి ఫిల్ము నిప్పు తగిలినంతనే భగ్గుమను జాతిది. అందుచేతనే ఇసుక నింపిన ఎర్ర బాల్చీలు తప్పక వ్రేలాడవలెనని నిబంధన. ఆ బాల్చీలలోని ఇసుకను మేము కొంచెము కొంచెముగ కాజేసి కూర్చుండు దిబ్బకు కలుపుకొనెడివారమని ఇప్పుడు చెప్పినచో శిక్ష ఉండదనుకొందును.

పగలు ఎండలో తెరపై బొమ్మ కానరాదు గనుక ఆటలు రాత్రివే. సాయంకాలము ఘంటసాలవారి వేంకటేశ్వర స్తుతి రికార్డు మైకున మ్రోగినదనగా ఇంటింట సంకటి ముద్దలు తొందరగా దిగెడివి. ఊరిలో గడియారములున్న ఇండ్లు రెండో మూడో. కావున ఆ పాటయే గడియారము. ప్రక్క పల్లెల నుండి ఆడవారు గుంపుగ నడచియు, ఎద్దుల బండ్లపైనను వచ్చెడివారు. మూడవ పాటకు టికెట్టు గవాక్షము తెరచెడివారు. నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులు. నేలకు మా చిన్ననాడు, అనగా 1960 తరువాతి యేండ్లలో, పావలా. ఆడవారికి మగవారికి నడుమ ఒక తడిక.

యంత్రము ఒక్కటియే. 2000 అడుగుల చుట్ట ఇరువదిరెండు నిమిషములు నడచును. మూడు గంటల చిత్రమునకు ఎనిమిది తొమ్మిది చుట్టలు. చుట్ట మారినప్పుడెల్ల దీపము వెలుగవలసినదే. పట్నవాసులు దీనిని లోపమనిరి. నాకు మాత్రము డేరాలోని సుఖములో సగము ఈ నిలుపుదలలోనే ఉండెనని తోచును. దీపము వెలిగినంతనే ఘటోత్కచుడు చేసినది న్యాయమా కాదా యను తర్కము మొదలయ్యెడిది. భారతము వినియున్న ముసలివారు, తెరపై కథకును పురాణమునకును గల తేడాలను పిల్లలకు విప్పి చెప్పెడివారు. బొరుగులు, శెనక్కాయలు, గోలీసోడా, నన్నారి చేతులు మారెడివి. మరల చీకటి. మన ఊరికి వచ్చు ప్రింట్లు పదిచోట్ల అరిగి వచ్చినవి గనుక గీతలు పడి తెరపై వాన కురిసినట్లుండెడిది. 'బయట కురవని వాన ఈడ కురుస్తాండాది' అని ఎవరో ఒకరు అనక మానరు. అందరు నవ్వక మానరు. కరవు యేడాదిలో ఆ నవ్వు వేరుగ ఉండెడిది.

కథకు ముందు సర్కారు వార్తాచిత్రము చూపవలెనని ఆనాడు నియమము ఉండెడిది. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజను వారు తీయించిన ఆ చిత్రములందే మనవారిలో పెక్కుమంది నెహ్రూగారు నడచుచుండగా మొదటిసారి చూచిరి. అక్షరము రానివారికి అదియే వార్తాపత్రిక.

ఇప్పుడు నేను ముఖ్యముగ చెప్పదలచిన విషయమునకు వచ్చెదను. మన ఊరిలో ఆ కాలమున అందరు కలిసి కూర్చుండు తావు ఏది? గుడియందు ఎవరి మేర వారికి కలదు. రచ్చబండ కొందరిదే. బావి సంగతి చెప్పనక్కరలేదు. డేరా ద్వారమున నిలిచినవాడు మాత్రము చీటీ ఉన్నదా యని అడిగెను గాని ఎవరి ఇంటివాడవని అడుగలేదు. మొదటి యేట దళితవాడల నుండి వచ్చినవారు తమంతట తామే నేలలో ఒక ప్రక్కకు, గుంజల కడకు ఒదిగి కూర్చుండెడివారట. ఇది మా పెద్దలు చెప్పిన మాట. జనము క్రిక్కిరిసిన రాత్రులలో ఆ ప్రక్క, ఈ ప్రక్క అను మేర ఇసుకలో నిలువలేదు. దీపమారిన పిమ్మట ఎవరి మోకాలు ఎవరికి తగిలినదో చూచు తీరిక ఎవరికి కలదు?

శాసనమును అదియే చెప్పుచున్నది. వినోదశాలల ప్రవేశమున కులమును బట్టి భేదము చూపరాదని మన రాజ్యాంగము 15వ అధికరణమున కలదు. అట్లు చూపుట శిక్షార్హమని 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము నిర్ణయించినది. ఆ 1955లోనే ఆంధ్రరాష్ట్రమున సినిమా ప్రదర్శనల క్రమబద్ధీకరణకును చట్టమైనది. అయితే మన ఊరిలో ఈ చట్టములు చదివినవారెవరును లేరు. చదువకయే ఆ పని కొంత జరిగినది.

కొంతయే అనుటకు కారణము కలదు. ఒక యేడు శెనక్కాయ బాగుగ పండినది. మా ఇంట సేద్యమునకు వచ్చు దళితవాడ మనిషి ఒకడు, వయస్సున మా నాయన యీడువాడు, తెల్లని చొక్కా తొడుగుకొని కుర్చీ టికెట్టు కొనెను. అతడు వచ్చి కూర్చున్న కుర్చీ ప్రక్కది మా పెద్దనాయనది. పెద్దనాయన లేచి డేరా యజమానిని పిలిచెను. ఆ యజమాని పొరుగూరివాడు, మా పెద్దనాయన మాటకు విలువనిచ్చువాడే. అయినను, 'టికెట్టు తీసుకున్యాడు గదా సామీ, నేనేం జేసేది?' అని చేతులు కట్టుకొని నిలిచెను. పెద్దనాయన ఆట చూడకయే ఇంటికి పోయెను. నేను నేలలో నుండి వెనుకకు తిరిగి ఇదంతయు చూచితిని. కుర్చీలోని మనిషి కన్నులు తెర మీదనే ఉన్నవి. కాని మధ్య దీపము వెలిగినప్పుడెల్ల తల వంచుకొనెను. ఆట ముగిసిన పిమ్మట మేమందరము ఒకే ద్వారమున వెలువడి, ఎవరి దారిన వారము పోతిమి. మరునాడు అతడు పనికి వచ్చెను. పెద్దనాయన అతనితో పది దినములు మాటలాడలేదు. ఆ మీదట అతడు కుర్చీ టికెట్టు మరల కొనగా నేను చూడలేదు. కొనినవారు వేరే కొందరు వచ్చిరి. వారు చిన్నవారు, అతని కొడుకు యీడువారు. వారెవరికిని ఎవరును లేవలేదు.

ఈ డేరాలలో మనవారి చిత్రములు ఆడినప్పుడు ఊరికొక గర్వము ఉండెడిది. 'మల్లీశ్వరి' (1951) తీసిన బి. ఎన్. రెడ్డిగారు పులివెందుల ప్రాంతమువారు. వారి తమ్ములు నాగిరెడ్డిగారు చక్రపాణిగారితో కూడి 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) నిర్మించిరి. ఆ రెంటికిని దర్శకులైన కె. వి. రెడ్డిగారిది మనకు పొరుగున గల తాడిపత్రి. నటీమణి శాంతకుమారి ప్రొద్దుటూరి ఆడపడుచు. అన్నదమ్ములిద్దరును దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము నందిరి. పెద్దవారికి 1974వ సంవత్సరమునకు, చిన్నవారికి 1986వ సంవత్సరమునకు. వాన చాలని నేల నుండి మద్రాసు చేరి వీరు కట్టిన స్వర్గలోకపు సెట్టింగులు, పది పన్నెండేండ్లకు అరిగిన ప్రింట్లుగ బస్సు పైకప్పు మీది రేకు పెట్టెలలో మన బీడునకే తిరిగి వచ్చెను.

పట్టణపు హాళ్ల సుఖము వేరు. చైత్ర వైశాఖములలో ఎండ నలువది డిగ్రీలు దాటు సీమ మనది. మ్యాట్నీ ఆటకు లోపలికి అడుగిడగానే కడప బండల నేల చల్లదనము చెప్పులు లేని పాదమునకు తెలిసెడిది. మందమైన గోడలు, ఎత్తైన కప్పు, గిరగిర తిరుగు పంకాలు, చీకటి. ధర్మాసుపత్రికో, కోర్టు వాయిదాకో పోయిన పల్లెవాడు బస్సు వేళ వరకు తలదాచుకొనుటకు హాలును మించిన తావు లేదు. కథ తెలియకయే రెండున్నర గంటలు నిద్రించి వచ్చినవారిని ఎరుగుదును. టికెట్టు డబ్బు నిద్రకే చెల్లినదని వారి సమాధానము. కర్నూలు 1953 అక్టోబరు 1 నుండి 1956 నవంబరు 1 వరకు ఆంధ్రరాష్ట్ర రాజధానిగ నున్నప్పుడు కచ్చేరీలు కొన్ని గుడారములలో నడచినవి. సర్కారు గుడారములో, సినిమా పక్కా హాలులో ఉండిన పట్టణమని పెద్దలు పరిహాసమాడెడివారు. హాళ్ల పేర్లు ఊరికే అంటుకొనిపోయినవి. కడపలో అప్సర సర్కిల్ అనినను, కర్నూలులో హంద్రీ మీద ఆనంద్ థియేటర్ వంతెన అనినను ఆటోవానికి మరి చెప్పనక్కరలేదు.

డేరాలను ముందు దెబ్బకొట్టినది టెలివిజను. 1987 జనవరి నుండి ఆదివారము ఉదయమున రామాయణము వచ్చుచుండగా, హిందీ అర్థము కాకపోయినను, జనము పెట్టె ఉన్న ఇంటి అరుగులపై కూడిరి. అందరి ఇండ్లకు పెట్టెలు వచ్చిన పిమ్మట అరుగులును ఖాళీయైనవి. 2010 తరువాత కొలది యేండ్లలో ఫిల్ము చుట్టలే పోయి, బొమ్మ ఉపగ్రహము నుండి దిగుటయు, డబ్బాలో వచ్చుటయు మొదలైనది. 2020 మార్చిలో కరోనా వలన మూతపడిన ఒంటితెర హాళ్లలో కొన్ని మరల తెరువలేదు. వానిలో కొన్ని కల్యాణమండపములైనవి. నేటి కొత్త హాళ్లలో కుర్చీ మెత్తన, శబ్దము స్పష్టము. కాని నేల తరగతి అనునది లేదు. తక్కువ డబ్బు గలవాడు తక్కువ చోటనైనను కూర్చుండి చూచు వెసులుబాటు దానితోనే పోయినది. ఇది నాకు సమ్మతము కాదు.

మన ఊరి డేరా ఎత్తివేసిన యేట కుర్చీలను ఎవరో పట్టణమునకు తోలుకొని పోయిరి. బెంచీలను వేలము వేసిరి. వానిలో ఒకటి హోటలు అరుగు మీద కొన్నాళ్లుండి, గ్రంథాలయము స్థాపించిన దినములలో విరాళముగ మనకు చేరినది. పత్రికల బల్లకు ఉత్తరముగ వేసియున్న పొడవాటి టేకు బెంచీ అదియే. దాని వెనుకభాగమున తెల్లరంగుతో వ్రాసిన '7' అను అంకె నేటికిని కొంత కనిపించును. ఎడమ కొసన మేకు ఒకటి పైకి లేచి, కూర్చున్నవారి పంచెలను డేరా కాలమునుండియు చింపుచునే యున్నది. రజతోత్సవము ముగియులోగా కార్యదర్శిగారు దానిని కొట్టించెదరని ఆశించుచున్నాను.