ఎర్రతేలు, ఒక బీపీ మాత్ర

తేలు కుట్టిన దొంగ నోరెత్తడంటారు. పసివాడు దొంగ కాడు కదండీ, వాడంతా ఎలుగెత్తి ఏడుస్తాడు. భయపడవలసింది ఆ ఏడుపుకి కాదు. అది సన్నగిల్లి, వాంతులై, ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులూ కాళ్ళూ చల్లబడ్డప్పుడు.

మా అడిక్‌మెట్‌లో 1934లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పునాదిరాయి వేసేనాటికి ఇదంతా రాళ్ళనేల. రాయి ఉన్నచోట తేలుండటం వింత కాదు. మనవాళ్ళ భయమంతా నల్లటి మండ్రగబ్బ మీద. దానిది ఆకారమే గాని, పిల్లల ప్రాణం మీదికి తెచ్చేది చిన్న ఎర్రతేలు.

మంత్రం వేస్తే విషం దిగేదని పల్లెల్లో గట్టి నమ్మకం. వెయ్యకపోయినా దిగేదే! తేలు కుట్టిన చాలామందికి నొప్పి తప్ప వేరే గండం ఉండదు, ఒకటి రెండు రోజుల్లో అదే పోతుంది. పేరు మాత్రం మంత్రగాడికి. మిగిలిన పిల్లలకి ఆయువు తీరిందనేవారు. డాక్టర్లు మాత్రం? అట్రోపిన్, స్టిరాయిడ్లు, మత్తుమందులు ఇచ్చి చూశారు. అట్రోపిన్‌తో మేలు కన్నా కీడే ఎక్కువని తర్వాత తేలింది.

నగరంలో అయితే 1953 నుంచి నీలోఫర్ ఆస్పత్రి ఉంది. పల్లెలో ఏముంది? మహారాష్ట్ర కొంకణంలో, మహాడ్ దగ్గరి బిర్వాడీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 1976లో వెళ్ళిన యువ డాక్టరు హిమ్మత్‌రావ్ బావస్కర్‌కి ఎదురైందీ ఈ ప్రశ్నే. ఆయన రోగుల మంచాల పక్కనే కూచుని బీపీ చూస్తూ, రాసుకుంటూ పోయారు. విషం నరాలను రెచ్చగొడుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. ఆ బిగువుకి ఎదురీది గుండె అలిసిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అదే విషపు చుక్క చిన్న ఒంట్లో పడితే మరీ ప్రమాదం. ఆ లక్షణాలను 1982లో లాన్సెట్ పత్రికలో రాశారు.

విరుగుడు ఎక్కడో లేదు, బీపీ రోగులు మింగే ప్రాజోసిన్ మాత్రలోనే దొరికింది! బిగిసిన నాళాలను అది వదులు చేస్తుంది. ఆ సంగతి 1986లో లాన్సెట్‌లోనే వచ్చింది. విషం బాగా ఎక్కినవాళ్ళలో నూటికి 25, 30 దాకా ఉన్న చావులు 4కు లోపే దిగాయి. తర్వాత హాఫ్‌కిన్ సంస్థ ఎర్రతేలు విషానికే విరుగుడు సూదిమందు తయారు చేసింది. 2011లో 70 మంది మీద అచ్చయిన పరీక్షలో, మాత్ర ఒక్కటే తీసుకున్నవాళ్ళు తేరుకోవడానికి సుమారు 18 గంటలు పడితే, రెండూ తీసుకున్నవాళ్ళకి 8 గంటలే పట్టింది. బావస్కర్‌కి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆలస్యంగానైనా!

ఈ మాత్ర వేశాక బిడ్డని ఎత్తుకోకూడదు, పడుకోబెట్టే ఉంచాలి. లేపితే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఏడ్చే బిడ్డని భుజాన వేసుకోకుండా పక్కన కూచోమంటే, ఏ తల్లికైనా మాత్ర మింగించడం కన్నా అదే కష్టం.