శిఖం భూములు – స్థానిక సంస్థలు (కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతం)

చెరువు నిండినప్పుడు నీళ్లు పరుచుకునే నేలను తెలంగాణలో శిఖం అంటారు. రికార్డు ప్రకారం ఈ నేలలో ఎక్కువ భాగం సర్కారుది. కట్ట మీద బతుకమ్మ ఆడేది, నీళ్లలో వల వేసేది, ఎండాకాలం ఒండ్రు తోలుకునేది ఊరు. ఇలాంటి ఒడ్డు భూమిని ఊరి సంస్థకే అప్పగించి, అమ్ముకునే హక్కు లేకుండా, ప్రజల తరఫున ధర్మకర్తగా కాపాడమనడం కొన్ని దేశాల్లో చట్టంగా నడుస్తున్న పద్ధతి. ఉత్తర తెలంగాణలో ఆ పని ముక్కలు ముక్కలుగా జరిగింది. మరమ్మతు పని, కొంత ఆదాయం, కొన్నిచోట్ల నిర్వహణ స్థానిక సంస్థల చేతికి వచ్చాయి. నేల మాత్రం రాలేదు.

పహాణీలో శిఖం

పాత పహాణీ తిరగేస్తే శిఖం రెండు రకాలుగా కనిపిస్తుంది. పట్టాదారు గడిలో ‘సర్కారీ’ అని ఉంటే అది సర్కారీ శిఖం. అదే గడిలో రైతు పేరు ఉంటే పట్టా శిఖం. రెండోది బయటివాళ్లకు వింతగా తోస్తుంది. భూమి రైతుదే, కానీ చెరువులో నీళ్లున్నంత కాలం ఆ రైతుకు అందులో పనిలేదు. నీళ్లు వెనక్కి తగ్గాక, తేమ ఉన్న నేలలో ఒక పంట తీసుకోవచ్చు. అంతేగాని నీళ్లు నిలవకుండా తూము తెరిచే హక్కు, మట్టి పోసి నేల ఎత్తు పెంచుకునే హక్కు లేవు. ఇప్పటి ఆక్రమణ తగాదాలు చాలావరకు ఈ గీత దగ్గరే మొదలవుతాయి. రెండు మూడేళ్లు వరుసగా వానలు ఎగ్గొడితే ఎండిన శిఖం మామూలు చెలకలాగే ఉంటుంది, ప్లాట్ల రాళ్లు పాతేది అప్పుడే. మళ్లీ గట్టి వాన పడి మత్తడి దుంకిన ఏడు, నీళ్లు ఇళ్లలోకి వచ్చాయని గోల మొదలవుతుంది. నిజానికి ఇళ్లే నీళ్లలోకి వెళ్లాయి.

దశబంధం నుంచి 1317 ఫసలీ దాకా

కాకతీయుల కాలంలో చెరువు తవ్వించినవారికి, బాగోగులు చూసేవారికి ఆయకట్టులో కొంత భూమినో పంటలో భాగాన్నో ఇచ్చేవారు. దాన్ని దశబంధం అన్నారు. నిజాం పాలనలో అదే ఏర్పాటు దస్త్‌బంద్ పేరుతో కొనసాగింది. సొంత ఖర్చుతో చెరువు బాగుచేసినవారికి దాని కింది శిస్తులో వాటా దక్కేది. తూము తెరిచి మూసే నీరటికి కల్లంలోనే గింజలు కొలిచి ఇచ్చేవారు. నేల రాజుది, కాపలా ఊరిది, కూలి పంటలోంచి. కాగితం మీద ధర్మకర్తృత్వం అన్న మాట ఎక్కడా లేకపోయినా ఆచరణలో అది ఉంది. అయితే దీన్ని మరీ పొగడనక్కర్లేదు. దస్త్‌బంద్ దక్కింది ఎక్కువగా ఊళ్లో బలమున్న కుటుంబాలకే. చెరువు ఊరిదన్నప్పుడు ఊరంటే ఎవరన్న ప్రశ్న అప్పుడూ ఉంది.

1905లో ఎలగందుల జిల్లా కరీంనగర్ జిల్లాగా మారింది. ఆదిలాబాద్‌కు పూర్తి జిల్లా హోదా దక్కిందీ ఆ ఏడే. తర్వాత కొద్ది కాలానికే 1317 ఫసలీ, అంటే 1907–08 నాటి హైదరాబాద్ భూమి శిస్తు చట్టం వచ్చింది. దాని 24వ సెక్షన్ బాటలు, వంతెనలు, నదులు, వాగులు, చెరువులు, కుంటలు, కాలువలు, పారే నీళ్లు, ఇతరుల హక్కు రుజువు కాని భూములు అన్నింటినీ ప్రభుత్వ ఆస్తిగా ప్రకటించింది. ఆ పక్కనే 25వ సెక్షన్ పశువుల మేతకు, ఇతర ప్రజా అవసరాలకు భూమిని విడిగా ఉంచే అధికారాన్ని జిల్లా అధికారి అయిన తాలూక్‌దారుకు ఇచ్చింది. ఊరికోసం భూమి ఉంచవచ్చు, ఊరికి మాత్రం ఇవ్వనక్కర్లేదు. తర్వాతి చట్టాలన్నీ ఈ చట్రంలోనే నడిచాయి. 1357 ఫసలీ నీటిపారుదల చట్టం కాలువల మీద, తూముల మీద సర్కారు పట్టును మరింత బిగించింది. 1949లో జాగీర్లు రద్దయ్యాక జాగీరు గ్రామాల చెరువులు కూడా దివానీలో, అంటే నేరుగా సర్కారు కింద, కలిశాయి.

చట్టంలోని చిన్న మినహాయింపు

పంచాయతీ సమితులు ఏర్పడ్డాక వంద ఎకరాల లోపు ఆయకట్టున్న కుంటలు పంచాయతీరాజ్ కిందికి, అంతకు మించినవి నీటిపారుదల శాఖ కిందికి వెళ్లాయి. దీంతో చిన్న చెరువుల మరమ్మతు స్థానిక సంస్థల పని అయింది. డబ్బు మాత్రం పైనుంచి రావాల్సిందే. చేపల విషయంలోనూ ఇలాంటి విభజనే ఉండేది. మత్స్యశాఖ లెక్కల్లో కొన్ని శాఖ చెరువులు, మరికొన్ని పంచాయతీ చెరువులు. ముదిరాజులు, గంగపుత్రుల సంఘాలు ఎవరికి కిస్తు కట్టాలన్నది ఆ లెక్కనుబట్టి తేలేది.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ చిన్న నీటివనరులను, చేపల పెంపకాన్ని పదకొండో షెడ్యూలులో చేర్చి పంచాయతీలకు అప్పగించదగ్గ విషయాలుగా చూపింది. దాని వెనకే వచ్చిన 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, సర్కారుకు ప్రత్యేకంగా అక్కరలేని పోరంబోకుల్లో కొన్నింటిని గ్రామ పంచాయతీకి దఖలు పరిచింది. మేత భూములు, కల్లాలు, శ్మశానాలు, పశువుల మందలు నిలిచే చోట్లు, బండ్ల బాటలు, తోపులు అందులో ఉన్నాయి. చెరువు శిఖం లేదు.

అదే చట్టంలో మరోచోట ఆశ కలుగుతుంది. ప్రజలు వాడుకునే ఊటలు, చెరువులు, బావులు, వాటిని ఆనుకుని ఉన్న ప్రైవేటుది కాని భూమితో సహా పంచాయతీకి దఖలవుతాయని అక్కడ ఉంది. ఒడ్డు భూమిని స్థానిక సంస్థకు అప్పగించడమంటే అచ్చంగా ఇదే. కానీ వెంటనే ఒక మినహాయింపు వస్తుంది: నీటిపారుదల పనులకు, వాటిని ఆనుకున్న భూమికి ఇది వర్తించదు. కోస్తాలో మంచినీళ్ల చెరువు వేరు, సాగునీటి చెరువు వేరు కాబట్టి ఆ మినహాయింపు అక్కడ అర్థవంతమే. కరీంనగర్ పల్లెల్లో ఆయకట్టు లేని చెరువు అరుదు. ఒక్క తూము, దాని కింద నాలుగు మళ్లు ఉన్నా అది నీటిపారుదల పనే. ఇక్కడ మినహాయింపే నియమమై కూర్చుంది.

1997లో వచ్చిన రైతుల నీటిపారుదల నిర్వహణ చట్టం ఆయకట్టు రైతులతో నీటి వినియోగదారుల సంఘాలను పెట్టింది. భూమిలేనివాళ్లు, వల వేసేవాళ్లు, బట్టలుతికేవాళ్లు ఓటేసి ఎన్నుకున్న పంచాయతీని పక్కనబెట్టి, భూమి ఉన్నవాళ్ల సంఘానికి చెరువు నిర్వహణ ఇచ్చిన చట్టమిది. వికేంద్రీకరణ పేరుతో జరిగినా, ఊరుమ్మడి ఆస్తి దృష్టితో చూస్తే ఇది వెనకడుగే.

ఏజెన్సీ గ్రామాలు

ఆదిలాబాద్ షెడ్యూల్డు ప్రాంతాలది వేరే కథ. ‘జల్, జంగల్, జమీన్’ అన్న నినాదం కొమురం భీం పేరుతో ముడిపడిన నేల ఇది. 1996 నాటి కేంద్ర పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లోని చిన్న నీటివనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని నేరుగా చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో తన పంచాయతీరాజ్ చట్టాన్ని అందుకు తగ్గట్టు సవరించింది, నియమాలు 2011లో వచ్చాయి. అంటే చట్టానికీ నియమాలకూ మధ్య పదమూడేళ్లు గడిచాయి. మొత్తం ప్రాంతంలో ధర్మకర్తృత్వానికి అత్యంత దగ్గరగా వచ్చిన ఏర్పాటు ఇదే, అయినా ఇందులోనూ అప్పగించింది నిర్వహణనే.

న్యాయస్థానాల మాట

ప్రజా ధర్మకర్తృత్వ సిద్ధాంతం ప్రకారం నది, చెరువు, తీరం వంటివి ప్రభుత్వం చేతిలో ఉన్నా దాని సొంత సొత్తు కావు, ప్రజలకోసం కాపాడవలసిన నిక్షేపాలు. అమెరికా సుప్రీంకోర్టు 1892లో షికాగో ఒడ్డున సరస్సు అడుగు నేలను రైల్వే కంపెనీకి రాసిచ్చిన కేసులో దీన్ని స్థిరపరిచింది. ఆ దేశంలో తీరభూములను రాష్ట్రం నగరానికి ధర్మకర్త హోదాలో బదలాయించడం మామూలైంది. శాన్‌ఫ్రాన్సిస్కో రేవు ఒడ్డును కాలిఫోర్నియా 1968 నాటి చట్టంతో అలాగే ఇచ్చింది. నగరం దాన్ని వాడవచ్చు, ఆ ఆదాయాన్ని ఆ ఒడ్డుకే ఖర్చు పెట్టాలి, అమ్మకూడదు.

భారత సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో బియాస్ నది కేసులో ఈ సిద్ధాంతాన్ని మన చట్టంలో భాగంగా ప్రకటించింది. తెలుగునేలకు అది 2006లో, తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల కేసుతో చేరింది. చెరువు భూములను ఇళ్ల నిర్మాణానికి ప్రభుత్వమే కేటాయించిన వ్యవహారమది. అప్పటికే లేచిన కట్టడాలను కోర్టు కూల్చమనలేదు గాని, ఇకపై కట్టొద్దంది. తీర్పులో సిద్ధాంతం గెలిచింది, చెరువు సగమే గెలిచింది. 2011లో పంజాబు గ్రామ చెరువు కేసులో ఇచ్చిన తీర్పు మరో అడుగు వేసింది. ఆక్రమణలో ఉన్న ఉమ్మడి, పోరంబోకు భూములను ఖాళీ చేయించి గ్రామ పంచాయతీలకు తిరిగి అప్పగించేందుకు పథకాలు తయారు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

హద్దురాళ్లు, ఒడ్డు సోకులు

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం, 2012 నాటి భవన నిర్మాణ నియమాలు ఒడ్డుకు కొలతలు పెట్టాయి. పూర్తి నీటిమట్టం లోపల ఏ కట్టడమూ ఉండకూడదు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే మట్టం నుంచి మరో 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. నిర్మల్ గొలుసుకట్టు చెరువుల వంటి చోట్ల, ఊరు పెరిగి చెరువును చుట్టుముట్టాక, ఈ కొలతలు ఎక్కడినుంచి మొదలుపెట్టాలన్నదే పెద్ద పేచీ. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ పూడిక తీసింది, కట్టలు బలపరిచింది, నియోజకవర్గానికొక మినీ ట్యాంక్‌బండ్ ఇచ్చింది. యాజమాన్యం జోలికి వెళ్లలేదు. 2018లో తెలంగాణ సొంత పంచాయతీరాజ్ చట్టం తెచ్చుకుంది. మరో రెండేళ్లకు భారీ, మధ్యతరహా, చిన్న నీటిపారుదల విభాగాలన్నీ ఒకే జలవనరుల శాఖగా కలిసిపోవడంతో చెరువులు పల్లె సంస్థలకు ఇంకొంచెం దూరమయ్యాయి.

కరీంనగర్ పట్టణం దగ్గర, దిగువ మానేరు డ్యాం కింద 2022లో శంకుస్థాపన జరిగిన మానేరు రివర్‌ఫ్రంట్‌కు అహ్మదాబాద్ సబర్మతి తీరాన్ని నమూనాగా తీసుకున్నారు. సబర్మతిలో నగరపాలక సంస్థ 1997లో తన సొంత కంపెనీ పెట్టి, నది నుంచి రాబట్టిన 200 హెక్టార్ల పైచిలుకు నేలను దాని ద్వారా అభివృద్ధి చేసింది. అందులో కొంత అమ్మకానికీ ఉంచింది. వేల పేద కుటుంబాలు ఒడ్డు వదిలి వెళ్లాల్సి వచ్చింది. స్థానిక సంస్థకు ఇచ్చినంత మాత్రాన ఒడ్డు ప్రజలదవుతుందన్న నమ్మకానికి అది గట్టి ఎదురు ఉదాహరణ. మానేరులో నమూనా అదే అయినా ఏర్పాటు వేరు: నిధులు, పనులు నీటిపారుదల, పర్యాటక శాఖల ద్వారా నడిచాయి, నది గర్భం 1317 ఫసలీ నుంచి ఉన్నట్టే సర్కారు ఖాతాలో ఉంది.